అయిదుకు అయిదు మార్కులు, అరికాలిలో పుండు

మూడు నెలల్లో మూడు సార్లు ఆ పెద్దావిడను ఫోనులో చూశాను. మూడు సార్లూ మా క్లినిక్ పంపిన అభిప్రాయ పత్రంలో అయిదుకు అయిదు మార్కులు వచ్చాయి. ప్రతి కాల్ తరువాత నా నోటు పుస్తకంలో నాకు నేను వేసుకున్న మార్కులు కూడా నాలుగుకు తగ్గలేదు. మూడో కాల్ నాటికే ఆమె కుడి అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

రోగి తృప్తి, వైద్యుల తృప్తి అంటూ మేము కొలుస్తున్నది అసలు ఎవరి తృప్తి అన్న ప్రశ్న నాలో ఈ కేసుతోనే మొదలైంది. ఆమె అనుమతి తీసుకుని, ఆనవాలు పట్టగల వివరాలు మార్చి రాస్తున్నాను.

అవతలి వైపు చెయ్యి

నేను చెన్నైలో మధుమేహ వైద్యురాలిని. మా క్లినిక్‌కు వచ్చేవారిలో తెలుగువారు ఎక్కువ. రాయపురం, వాషర్‌మన్‌పేట, వ్యాసర్‌పాడి, పెరంబూరు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలు కొన్ని. సూళ్లూరుపేట, నాయుడుపేట, నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చేవారు మరికొందరు. 2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించడంతో ఈ రాకపోకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మరునాడే, మార్చి 25న, టెలిమెడిసిన్ ఆచరణ మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఫోనులో మందు రాయడం తప్పో ఒప్పో తేలక బెరుకుగా ఉన్న మాలాంటివారికి అవి ధైర్యమిచ్చాయి. ఆరు నెలల లోపు నేరుగా చూసిన రోగి అదే జబ్బు కోసం మళ్లీ సంప్రదిస్తే దాన్ని కొనసాగింపు వైద్యంగా లెక్కించి మందులు రాయవచ్చు. వీడియో, ఆడియో, రాతపూర్వక సందేశం, ఈ మూడింటిలో ఏది సరిపోతుందో వైద్యులే తేల్చుకోవాలి. నేరుగా చూడవలసిన అవసరం ఉందనిపిస్తే ఏ దశలోనైనా ఆపి, రమ్మని చెప్పవచ్చు. నేను ఈ చివరి నియమాన్ని చదివి, తలూపి, ముందుకు వెళ్లిపోయాను. దాని బరువు జులైలో తెలిసింది.

తెలుగువారికి దూరవైద్యం కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలోనే, పల్లెలో కూర్చున్న రోగిని నగరంలోని నిపుణులు ఉపగ్రహం ద్వారా చూసే ఏర్పాటు జరిగింది. 2019 నవంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని కూడా మొదట్లో ఆరోగ్య కేంద్రానికి వచ్చిన రోగిని దూరాన ఉన్న డాక్టరుకు చూపించడానికే పుట్టింది. ఈ రెండింటిలోనూ తెరకు అవతల, రోగి పక్కన, శిక్షణ పొందిన మనిషి ఒకరు ఉండేవారు. నాడి చూసేవారు, పొట్ట నొక్కేవారు, చెప్పులు విప్పమనేవారు. 2020 ఏప్రిల్ 13న ఈ-సంజీవని ఓపీడీ వచ్చాక రోగి తన ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే వీలు కలిగింది. మా క్లినిక్‌లోనూ అదే పద్ధతి. మహమ్మారి వేళ మరో దారి లేదు. కానీ ఆ మార్పులో అవతలి వైపు ఉండే చెయ్యి పోయింది. దాని స్థానంలోకి ఇంట్లోవాళ్లు వచ్చారు. వాళ్లకు ఏం చూడాలో మేము నేర్పలేదు.

రోగి

వయసు 61. రాయపురం వైపు ఒక ఇరుకు వీధిలో మేడ మీద ఇల్లు. తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు చదవడం రాదు, తమిళం కూడబలుక్కుంటూ చదువుతుంది. పదిహేనేళ్లుగా షుగరు. రెండు రకాల మాత్రలు, రాత్రి ఒక ఇన్సులిన్ సూది. ఆమెతో పాటు కొడుకు, కోడలు, పదిహేనేళ్ల మనవరాలు ఉంటారు. ఇంట్లో ఉన్న ఒకే స్మార్ట్‌ఫోను కొడుకుది.

2020 జనవరిలో నేరుగా చూసినప్పుడు మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ, 8.1 ఉంది. అరికాళ్లను నైలాన్ పోగుతో తాకి చూసే పరీక్ష చేశాను. రెండు పాదాల్లోనూ చాలాచోట్ల ఆమెకు స్పర్శ తెలియలేదు. రక్తప్రసరణ బాగానే ఉంది. కుడి బొటనవేలి మొదట్లో ఆనెకాయ ఉంటే చెక్కించాను. మెత్తని అడుగున్న ఎం.సి.ఆర్. చెప్పులు ఇంట్లో కూడా వేసుకోమన్నాను. ఆమె కార్డు మీద ఎర్ర సిరాతో 'పాదాల్లో స్పర్శ తగ్గింది' అని రాసింది నేనే. అలాంటి రోగి ఎప్పుడు వచ్చినా ముందుగా పాదాలు చూడాలి. మా విభాగంలో ఇది తొలి పాఠం.

మూడు కాల్స్

ఏప్రిల్ మూడో వారంలో మొదటిది, ఆడియో కాల్. కొడుకు గ్లూకోమీటరు అంకెలు చదివాడు. పరగడుపున 140 లోపే ఉంటున్నాయి. మందులు అవే కొనసాగించమన్నాను. చీటీ ఫోటో పంపితే మందుల దుకాణంలో ఇచ్చారు. అంతా కలిపి పన్నెండు నిమిషాలు.

మే చివర్లో రెండోది, వీడియో కాల్. ఆమె ముఖం చూసి నాకూ సంతోషమేసింది. నుదుట బొట్టు, తలలో కనకాంబరాలు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. వీధికి రెండువైపులా రేకులు కట్టేశారని, కూరగాయల బండి కూడా రావడం లేదని, నిద్ర సరిగా పట్టడం లేదని చెప్పింది. షుగరు ఏప్రిల్ కంటే కొంచెం మెరుగ్గానే ఉంది. తెర మీద నాకు కనిపించింది ఆమె తల నుంచి భుజాల వరకు మాత్రమే. కొడుకు పక్కనే కూర్చుని ఫోను పట్టుకున్నాడు. ఆ రోజు నా నోటు పుస్తకంలో అయిదు వేసుకున్నాను. లాక్‌డౌన్ మొదలయ్యాక నాకు బాగా నచ్చిన కన్సల్టేషన్ అదే.

జూన్ 19 నుంచి 30 వరకు చెన్నైలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ లాక్‌డౌన్‌ను మళ్లీ కఠినం చేశారు. మూడో కాల్ ఆ రోజుల్లోనే వచ్చింది. ఇంటర్నెట్ అందక ఆడియోకు మారాం. పరగడుపు షుగరు 190కి చేరింది, ఒక రోజు 210 కూడా ఉంది. తిండిలో తేడా ఏమైనా వచ్చిందా అని అడిగాను. రేషన్ బియ్యం ఎక్కువ తింటున్నాం, నడక లేదు అన్నాడు కొడుకు. నమ్మాను. ఆ వారం నా రోగుల్లో సగం మంది చెప్పింది అదే. ఇన్సులిన్ నాలుగు యూనిట్లు పెంచాను. నా మార్కు నాలుగు.

నిలకడగా ఉన్న షుగరు కారణం లేకుండా పెరిగితే ఒంట్లో ఎక్కడైనా చీము పట్టిందేమో వెతకాలి. పళ్లు, మూత్రం, చర్మం, పాదాలు. క్లినిక్‌లో అయితే ఆలోచించకుండానే అడిగేదాన్ని: "అమ్మా, కాళ్లు ఇలా పైకి పెట్టండి." నా గదిలో రోగి కూర్చునే కుర్చీ ముందు చిన్న పీట ఉంటుంది. ఆ పీట కనిపిస్తేనే నాకు పాదాలు గుర్తొస్తాయని ఇప్పుడు అర్థమవుతోంది. తెర ముందు పీట లేదు.

తడి మరక

జులై రెండో వారంలో, ఒక సాయంత్రం, కొడుకు నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే మనవరాలు.

"మేడం, అవ్వ నడిచిన చోట నేల మీద తడి మరక పడుతోంది. ఒక కాలికే. ఏదో వాసన కూడా వస్తోంది. అడిగితే నీళ్లు తొక్కానంటోంది."

ఆ పిల్ల క్లాసు వినడానికి నాన్న ఫోను తీసుకుని నేల మీద కూర్చునేది. అందుకే పెద్దవాళ్లు చూడనిది ఆమెకు కనిపించింది. ఫోను కిందికి దించి, అవ్వ పాదం ఎత్తి చూపించమన్నాను. కుడి బొటనవేలి మొదట్లో, జనవరిలో ఆనెకాయ చెక్కిన చోటే, తెల్లగా నానిన అంచులతో పుండు. మధ్యలో పసుపు పచ్చని పొర. చుట్టూ ఎర్రదనం రెండు వేళ్ల వెడల్పు. జ్వరం లేదు. నొప్పి అసలే లేదు.

కారణం తరువాత తెలిసింది. మే నెలలో, రోహిణి కార్తెలో, మేడ మీద వడియాలు పెట్టింది. రోళ్లు పగిలే ఎండ. వడియాలు ఆరేసే గుడ్డ దగ్గరికి చెప్పులతో వెళ్లకూడదని ఒట్టికాళ్లతో తిరిగింది. కాలిన సంగతి కాలికి తెలియలేదు. రెండు రోజుల తరువాత బొబ్బ చూసుకుని, పసుపు రాసి, పాత చీర పీలిక కట్టుకుంది. మా వీడియో కాల్ నాటికి ఆ బొబ్బ ఉంది. కనకాంబరాలు చూసి నేను ముచ్చటపడుతున్నప్పుడు, తెరకు అందని చోట ఆమె పాదానికి పీలిక కట్టి ఉంది.

మరునాడు పొద్దున కొడుకు తన స్కూటరు మీద క్లినిక్‌కు తీసుకొచ్చాడు. కుళ్లిన పొర తొలగించాం. మొన లేని సన్నని లోహపు పుల్లతో తడిమితే ఎముక తగల్లేదు. ఎక్స్‌రేలో ఎముకకు మార్పు లేదు. చీము పరీక్షకు పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. పుండు మీద బరువు పడకుండా ఫెల్ట్ అట్ట చుట్టూ కత్తిరించి అంటించి, ముందు భాగం ఎత్తుగా ఉండే చెప్పు ఇచ్చాం. మామూలు రోజుల్లో అయితే పాదమంతా కట్టు వేసి, తరచూ విప్పి చూసేవాళ్లం. అందుకు పదే పదే రావాలి, ఆ వీధి నుంచి ఆ నెలలో అది సాధ్యం కాదు.

అక్కడి నుంచి దూరవైద్యమే ఆమెను కాపాడిందని కూడా చెప్పాలి. వారానికి రెండు సార్లు మా నర్సు ఇంటికి వెళ్లి కట్టు మార్చింది. ఆ రెండింటిలో ఒకసారి నేను వీడియోలో ఉండేదాన్ని. పుండు పక్కన స్కేలు పెట్టి, ట్యూబులైటు కింద కాకుండా కిటికీ వెలుగులో చూపించమనేదాన్ని. పచ్చని పొర ఎంత తగ్గింది, ఎర్రని కొత్త కండ ఎంత వచ్చింది అన్నది తెర మీద స్పష్టంగా తెలిసింది. నడుమ రెండు సార్లు మాత్రమే క్లినిక్‌కు రప్పించాం. అక్టోబరు మొదటి వారానికి పుండు పూర్తిగా మూసుకుంది. వేలు మిగిలింది.

పుండు వచ్చినప్పుడూ మానినప్పుడూ అదే ఫోను, అదే డాక్టరు. రెండోసారి మాత్రం అవతల శిక్షణ ఉన్న చెయ్యి ఒకటి ఉంది.

తృప్తి గురించి మళ్లీ అడిగితే

పుండు మానే దశలో ఉండగా పాత అభిప్రాయ పత్రాలు బయటికి తీశాను. ఫోను సులువుగా కలిసిందా, మాట స్పష్టంగా వినిపించిందా, చెప్పిన సమయానికి డాక్టరు వచ్చారా, మందుల చీటీ అర్థమైందా, మళ్లీ ఇలాగే చూపించుకుంటారా. ఇవీ మా ప్రశ్నలు. తమిళంలోనూ ఇంగ్లీషులోనూ పంపేవాళ్లం. ఒక్క ప్రశ్న కూడా ఒంటి గురించి లేదు.

ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. కొడుకు దాచుకోలేదు. "మీ పత్రం నేనే నింపాను మేడం. అమ్మను అడగలేదు. కాల్ బాగా కలిసింది, చీటీ వెంటనే వచ్చింది, ఆటో ఖర్చు లేదు. వాటికే అయిదు వేశాను." కాసేపాగి, ఆఫీసు ఫోన్ల మధ్య అమ్మ మందులు, అంకెలు, సూదులు అన్నీ తానే చూసుకోవలసి వచ్చిందని, మూడో కాల్ రోజున తొందరగా ముగించాలనిపించిందని కూడా చెప్పాడు. ఆ అలసటకు మా పత్రంలో గడి లేదు.

ఆమెను అడిగినప్పుడు, నన్ను మెప్పించడానికే అప్పుడు బాగుందన్నారా అని సూటిగానే అడిగాను. డాక్టరు ముందు కాదనడం మర్యాద కాదనుకునే తరం ఆమెది.

"లేదమ్మా, నిజంగానే బాగుంది. ఆస్పత్రికి వస్తే మీరు నా కాగితాలు చూస్తారు. ఫోనులో నా మొహం చూశారు."

ఈ మాట నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆమె తృప్తి అబద్ధం కాదు. మూసేసిన వీధిలో, నెలల తరబడి బయటి మనిషి ముఖం చూడని రోజుల్లో, తన భాషలో ఇరవై నిమిషాలు ఒకరు తీరుబడిగా మాట్లాడారు. దాని విలువ ఆమెకు తెలుసు. దూరవైద్యంలో రోగుల తృప్తి ఎక్కువగా కనిపిస్తే, అది పైపైదని కొట్టిపారేసే సహ వైద్యులతో నేను ఏకీభవించను. ఆ ఇరవై నిమిషాలను క్లినిక్‌లో మనం ఇవ్వలేకపోతున్నామన్నది వాళ్లు ఒప్పుకోవాలి.

మరి పుండు సంగతి ఎందుకు చెప్పలేదు? "నొప్పి ఉంటే చెప్పేదాన్ని. నొప్పి లేనిదాన్ని ఏమని చెప్పను?" అంది ముందు. తరువాత గొంతు తగ్గించింది. "పక్కన వాడున్నాడు కదమ్మా. తెలిస్తే ఆస్పత్రికి పద అంటాడు. అక్కడ కరోనా అని ఉంచేస్తే? వాడికి అంటుకుంటే?" ఆ నెలల్లో రాయపురం వైపు ఆ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. క్లినిక్‌లో అయితే పరీక్షకని తెర వేస్తాం, కొడుకు బయట నిలబడతాడు, ఆమె నోరు విప్పుతుంది. వీడియో కాల్‌లో తెర వేసే మార్గం నేను ఆలోచించలేదు.

ఇక నా తృప్తి. నోటు పుస్తకం తిరగేశాను. ఎక్కువ మార్కులు వేసుకున్న రోజులన్నీ ఒకేలా ఉన్నాయి: అంకెలు చక్కగా రాసి పెట్టుకున్న కుటుంబం, సమయానికి ముగిసిన కాల్, నవ్వుతూ పలికిన వీడ్కోలు. తక్కువ వేసుకున్న రోజుల్లో రోగులు తడబడ్డారు, ఏడ్చారు, కెమెరా వణికింది. అలాంటి ఒక కాల్‌లోనే ఒకరి కామెర్లు పట్టుకున్నాను. దానికి వేసుకున్నది రెండు. పని సాఫీగా సాగితే తృప్తిపడ్డాను, పని జరిగిందా లేదా అన్నది కొలవలేదు.

నర్సు జవాబు వేరు. పీపీఈ కిట్‌లో చెమటతో తడిసిపోతూ మేడ మెట్లెక్కిన ఆమె, నేను తెర మీద ఉన్న రోజులే తనకు నిబ్బరంగా ఉండేవని చెప్పింది. తాను చూస్తున్నది ఇంకొకరు కూడా చూస్తున్నారన్న ధైర్యం అది. వైద్య సిబ్బంది తృప్తి అంటే డాక్టరు తృప్తి ఒక్కటే అనుకోకూడదని అప్పుడు తోచింది.

మార్చుకున్నవి

స్పర్శ తగ్గిన రోగులకు ఆడియో కాల్ మానేశాను. ఇంటర్నెట్ అందకపోతే ఫోటో వచ్చేదాకా కన్సల్టేషన్ ముగిసినట్టు రాయను. వీడియోలో ముందు పాదాలు, తరువాతే ముఖం. ఇంట్లోవాళ్లకు వేళ్లు తాకే పరీక్ష నేర్పిస్తున్నాం: రోగి కళ్లు మూసుకుంటే, రెండు పాదాల్లో బొటనవేలు, మూడో వేలు, చిటికెన వేలు కొసలను చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకాలి. నొక్కకూడదు. ఆరింటిలో రెండు గానీ, అంతకు మించి గానీ తెలియకపోతే స్పర్శ దెబ్బతిన్నట్టే. పరికరం అక్కర్లేదు. ఆ మనవరాలు రెండు నిమిషాల్లో నేర్చుకుంది.

కాల్ నడుమ ఫోను రోగి చేతికిచ్చి, పట్టుకున్నవారిని పక్క గదికి వెళ్లమంటాను. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. అందరికీ ఇదే పద్ధతి అని ముందే చెబితే సర్దుకున్నారు. ఒకే గది ఉన్న ఇళ్లలో ఇది కుదరదు. అప్పుడు అవును, కాదు అని తలూపితే చాలే ప్రశ్నలు అడుగుతాను.

అభిప్రాయ పత్రం కొడుకుల ఫోనుకు పంపడం ఆపేశాం. డాక్టరు కాని మనిషి, రోగి భాషలో, రోగినే అడుగుతారు. ఫోను పట్టుకున్నవారిని వేరుగా అడుగుతారు. పాత ప్రశ్నలు రెండు ఉంచి ఒకటి చేర్చాం: "డాక్టరుకు చెప్పాలనుకుని చెప్పకుండా ఆగిపోయినది ఏమైనా ఉందా?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు మార్కుల్లో పడవు. మోకాళ్ల నొప్పి, అప్పు చేసి కొన్న ఇన్సులిన్, కోడలితో మాట లేకపోవడం, రాత్రి పక్క తడిసిపోవడం, ఇలా వస్తాయి. నా నోటు పుస్తకంలోనూ మార్కుల గడి తీసేసి, ఆ రోజు చూడకుండా నిర్ణయించినది ఏమిటో రాస్తున్నాను.

అందరికీ ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు. సూళ్లూరుపేట నుంచి వచ్చే ఒక థైరాయిడ్ రోగి ఉన్నారు. రక్తపరీక్ష అక్కడే చేయించి కాగితం పంపిస్తారు, మాత్ర మోతాదు నేను చెబుతాను. ఒక్క మాత్ర కోసం ఒక రోజు కూలి పోగొట్టుకునేవారు. ఆయనకు ఫోనే మేలు, మహమ్మారి ఉన్నా లేకపోయినా. చేత్తో తాకి తేల్చవలసిన జబ్బు, కాగితం మీద తేలే జబ్బు, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'టెలిహెల్త్ తృప్తి' అని ఒక్క అంకె చెబితే నాకు నమ్మకం కుదరదు.

2021 మే నెలలో రెండో విడత ఉధృతిలో ఆమెతో మళ్లీ ఫోనులోనే మాట్లాడాను. కాల్ ఎత్తేసరికి తెర మీద రెండు అరికాళ్లు, కిటికీ వెలుగులో, పక్కన స్కేలు. మనవరాలి గొంతు ఆరు వేళ్ల లెక్క చెప్పింది. కుడి పాదం మచ్చ శుభ్రంగా ఉంది. ఎడమ పాదం నాలుగో వేలి సందులో చిన్న పగులు, కాస్త తడి. ఫోను పెట్టేసే ముందు, మరునాడు పొద్దున ఎనిమిదింటికి రమ్మని చెప్పాను.